మనిషి చెప్పేదాకా ఆగు

శివరాత్రి మర్నాడు పొద్దున, ఆసుపత్రి వరండాలో నర్సులూ ఆయాలూ రోగుల తాలూకు జనమూ చూస్తుండగా, అక్కడి కంప్యూటర్లు చూసుకునే ఇలియాస్‌ను నిలబెట్టి, తప్పు నాదేనని చెప్పించాడు ఆసుపత్రి యజమాని డాక్టర్ శ్రీహరి. ఇలియాస్ చెప్పాడు. చెప్పకపోతే ఆ రోజే బయటికి గెంటేవాళ్లు. అతని డిప్లొమా సర్టిఫికెట్లు మాత్రం లోపలే ఉండిపోయేవి. ఉద్యోగంలో చేరేటప్పుడే ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేయటం ఆ ఆసుపత్రి ఆనవాయితీ. మనిషిని కట్టేయటానికి అంతకన్నా గట్టి తాడు అక్కర్లేదు.

జరిగింది ఇది. నరసరావుపేటలో కోటప్పకొండ రోడ్డుకు ఇటు కొత్త బ్లాకు, అటు పాత బ్లాకు. రెండింటిలోనూ చెరొక సర్వరు. రోగుల పేర్లు, పరీక్షలు, మందులు అన్నీ చూసేది ఒక వర్చువల్ మెషిన్. అంటే చేత్తో తాకగలిగే పెట్టె కాదు, పెట్టె లోపల నడిచే మరో కంప్యూటరు. ఒక పెట్టె చచ్చిపోతే రెండో పెట్టె దాన్ని ఎత్తుకుని నడిపిస్తుంది. రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి కనిపెట్టుకుని ఉండేది రోడ్డు మీద వేలాడే ఒక్క కేబుల్ ద్వారానే.

ఆ శివరాత్రి పొద్దున శ్రీహరి సొంతూరి ప్రభ ఆ దారినే కొండకు పోతోంది. వెదుళ్లతో కట్టి బండి మీద నిలబెట్టే అంతెత్తు ప్రభ వస్తుంటే కరెంటు తీగలే దించుతారు, ఈ కేబుల్ ఎంత? ముందు నడుస్తున్న శ్రీహరే కొయ్యమన్నాడు. ఇలియాస్ అడ్డం పోయి, కాసేపు ఆగితే పాత బ్లాకులో పెట్టె ఆపి వస్తానని బతిమాలాడు. డప్పుల మోతలో వినపడలేదో, వినపడనట్టున్నారో.

కేబుల్ తెగింది. కొత్త బ్లాకు పెట్టె నడుస్తూనే ఉంది. పాత బ్లాకు పెట్టెకు మాత్రం అది కనపడలేదు. కనపడకపోతే ఏం చేయాలో బిగించినవాళ్లు ముందే సెట్టింగ్ పెట్టి పోయారు: అవతలిది చచ్చిందనుకుని నువ్వు మొదలుపెట్టు. అది మొదలుపెట్టింది. ఒకటి ఉండాల్సిన మెషిన్ రెండై కూర్చుంది. ఇలియాస్ జనాన్ని దాటుకుని పోయి దాన్ని ఆపేలోపే అక్కడొక రోగికీ ఇక్కడొక రోగికీ ఒకే నంబరు పడింది. ఒకే నంబరున్న రక్తం సీసాలు ల్యాబ్‌కు చేరాయి. పున్నమ్మ అనే ముసలామెకు ఇంకెవరిదో షుగర్ రిపోర్టు వచ్చింది. అక్కర్లేని ఇన్సులిన్ పొడిచారు. ఆమె కళ్లు తేలేసింది. మధ్యాహ్నం దాటాక తేరుకుంది కాబట్టి బతికిపోయారు అందరూ.

ల్యాబ్ టెక్నీషియన్ బెంజిమిన్‌కు ఇదంతా తెలుసు. ఇలియాస్‌కు దగ్గరి స్నేహితుడు కూడా. వరండాలో అతనూ నోరు తెరవలేదు. అతని సర్టిఫికెట్లూ అదే బీరువాలో ఉన్నాయి.

ఇలియాస్ ఆ రోజే సెట్టింగ్ మార్చాడు. అవతలిది కనపడకపోతే నీ అంతట నువ్వు మొదలుపెట్టకు, మనిషి వచ్చి చూసి చెప్పేదాకా ఆగు. అంతకంటే భద్రమైన మాట ఆ యంత్రానికి ఇంకేదీ లేదు. కాకపోతే ఆ మనిషి ఇలియాసే. కోతి కేబుల్ పట్టుకుని ఊగినా, గాలివానకు అది సాగినా అతనికే ఫోను. రోడ్డు దాటి పోవాలి, అవతలి పెట్టె నిజంగా ఆగిందో లేదో కళ్లారా చూడాలి, వచ్చి బటన్ నొక్కాలి. కూతురు సబాకు ఎత్తిపోతల జలపాతం చూపిస్తానని బయల్దేరి, మాచర్ల బస్టాండు నుంచే వెనక్కి తిరిగొచ్చాడొకసారి. ఆ పెట్టెనే నికా చేసుకోకపోయినావా అని భార్య ఫరా దెప్పింది. నవ్వుతూ కాదు.

దీనికి మందు లేకపోలేదు. మూడో చోట చిన్న మెషిన్ ఒకటి సాక్షిగా పెడితే, కేబుల్ తెగినప్పుడు ఎవరు నడవాలో అది తేలుస్తుంది. శ్రీహరి వినలేదు. “రెండు పెట్టెలకు మధ్యవర్తి కావాలా? పెద్దమనుషుల పంచాయితీనా ఏంది?” అన్నాడు. ఇలియాస్ తన పాత కంప్యూటరే తెచ్చి ఎదురుగా ఉన్న మందుల షాపులో పెట్టాడు. ఆసుపత్రి సంగతులు షాపులో పెడతావా అని శ్రీహరి దాన్ని పీకించేశాడు.

తర్వాతి శివరాత్రి ముందు ఇలియాస్‌కు బెంగళూరులో ఉద్యోగం దొరికింది. శ్రీహరి ఒక్కటే షరతు పెట్టాడు. నువ్వు లేకుండా నడిచేట్టు చెయ్, సర్టిఫికెట్లు పట్టుకుపో. ఇలియాస్ పాత సెట్టింగే మళ్లీ పెట్టాడు. శ్రీహరి ఎదుటే ఒక పెట్టె ప్లగ్గు పీకాడు. రెండోది పని అందుకుంది. చూసేవాళ్లకు ముచ్చటేసింది. కేబుల్ కూడా తీసి చూద్దామని ఇలియాస్ అంటే శ్రీహరి అవసరం లేదన్నాడు. రేపొచ్చి సర్టిఫికెట్లు తీసుకోమన్నాడు.

ఫరా సంచులు సర్దింది. మర్నాడు ఇలియాస్ బీరువా గదికి పోతూ పోతూ సర్వరు గదిలోకి తిరిగాడు. ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. మనిషి చెప్పేదాకా ఆగమనే సెట్టింగే మళ్లీ పెట్టి, ఆ సంగతి తానే పోయి శ్రీహరికి చెప్పాడు.

“నిన్న బాగానే నడిచింది గదరా?” అన్నాడు శ్రీహరి.

“నిన్న ప్లగ్గు పీకినా సార్. నిజంగా చస్తే బాగానే నడుస్తది. చావకుండా కనపడకపోతేనే జనం చస్తారు.”

“అయితే నువ్వూ ఉండు. నీ సర్టిఫికెట్లూ ఉంటయ్.”

ఫరా సంచులు విప్పలేదు. అవే పట్టుకుని, సబాను తీసుకుని మాచర్లలో పుట్టింటికి పోయింది.

బెంజిమిన్ అంతకుముందే బయటపడ్డాడు. సర్టిఫికెట్లు పోయాయని పోలీసు స్టేషన్లో దొంగ ఫిర్యాదు ఇచ్చి, డూప్లికేట్లు తెచ్చుకుని, వినుకొండలో ల్యాబ్ పెట్టుకున్నాడు. మొన్న ఏదో పనిమీద నరసరావుపేట వచ్చి ఇలియాస్‌ను టీ కొట్టుకు పిలిచాడు. వరండాలో నోరు తెరవనందుకు ఇన్నాళ్లూ లోపల నలుగుతూనే ఉన్నాడు. తనలాగే ఫిర్యాదు రాసివ్వమని, తానే స్టేషన్‌కు తోడు వస్తానని గట్టిగా పట్టుబట్టాడు. బీరువా తాళం ఉత్తదేనని, నీ కాళ్లకు ఏ తాడూ లేదని చెప్పాడు.

ఇలియాస్ టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“ఆ ఫిర్యాదు కాయితం నేనూ ఎప్పుడో రాసి పెట్టుకున్నాలేరా బెంజీ. తాళం సంగతి కాదు. నేను పోయినాక రోడ్డు దాటి పోయి, ఆ పెట్టె ఆగిందో లేదో చూసి బటన్ నొక్కేదెవడో చెప్పు. ఒక్కడి పేరు చెప్పు, ఇప్పుడే బస్సెక్కుతా.”