మొదటి నీళ్లు

కట్టమ్మ మా ఊరి నీరటి. చెరువు తూము ఎత్తడం, దించడం, కాలువ నీళ్లను ఎప్పుడు ఎటు మలపాలో చూడడం ఆమె పని. మామ చేశాడు, భర్త చేశాడు, భర్త పోయాక పదహారేళ్లుగా ఆమే చేస్తోంది. చెరువులో చేపలు పట్టుకు బతికే నలభై కుటుంబాలకు ఆమె మాటే మాట. ఇంత తెలిసిన మనిషిని ఒక్క ముక్క అడగకుండా ఆ చెరువు మీద నూటపది పేజీల నివేదిక రాశారు. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. పరీక్షకు నీళ్ల సీసాలు నింపింది నేనే.

మా ఊరు నర్సంపేట రోడ్డు మీద, వరంగల్ పెరిగి పెరిగి మా గడప దాకా వచ్చిన చోట ఉంది. ఐదేళ్లుగా చెరువు పచ్చగా మారి కంపు కొడుతోంది. నీళ్లలో భాస్వరం, నత్రజని ఎక్కువై నాచు పెరుగుతోందని, అవి ఎటు నుంచి వస్తున్నాయో కంప్యూటర్‌లో మోడల్ కట్టి తేలుస్తామని సర్కారు పంపిన సార్లు వచ్చారు. ఊళ్లో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న నన్ను పనికి పెట్టుకున్నారు.

జూన్‌లో తొలి వాన పడిన పొద్దున, పైచెరువు నుంచి వచ్చే కాలువలో సీసాలు నింపుతుంటే కట్టమ్మ గట్టు మీద నిలబడి చూసింది.

“ఈ నీళ్లు చెరువుల పడయి మధూ,” అంది. “మొదటి నీళ్లు పొలాల యూరియా, పెంట అన్ని కడుక్కొస్తయి. గందుకే ఇసుక బస్తాలు అడ్డం పెట్టి బీడుకు మలుపుతం. రెండో వాన నుంచే చెరువుకు ఇడుస్తం. సార్లకు ఈ మాట రాసియ్యి బిడ్డా.”

నేను రాయలేదు. సార్లు ఇచ్చిన కాగితంలో ఆ మాటకు గడి లేదు. గడి లేకపోతే నాకు నోరు కూడా లేదా? తలుచుకుంటే ఈ రోజుకీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నివేదిక వచ్చింది. చెరువు చెడడానికి ముప్పాతిక వంతు కారణం కాలువ నీళ్లేనట. చెరువు చుక్క కూడా తాగని ఆ మొదటి నీళ్లను ఏడాది పొడుగునా తాగినట్టు లెక్క కట్టారు. పట్నం మురుగంతా తెచ్చి పోసే మోరీ మాత్రం మోడల్‌లో లేదు. కాగితాల ప్రకారం ఆ మురుగు శుద్ధి ప్లాంటుకు పోతోంది. ఆ ప్లాంటు పునాది గుంతల్లో పందులు పొర్లుతున్నాయి. చూడడానికి కళ్లు లేకపోతే పోనీ, సార్లకు ముక్కులూ లేవు కాబోలు.

గ్రామసభలో పెద్దసారు కాలువకు అడ్డంగా గోడ కడతామన్నాడు. కట్టమ్మ లేచింది.

“మంచినీళ్లు బంద్ పెట్టి మోరీ నీళ్లు ఉంచుతరా సారూ? చాపలు ఎట్ల బతుకుతయి?”

“ఇది సైన్సమ్మా. నీకు అర్థం కాదు.”

“ఈ పిలగానికి అన్ని చెప్పిన. అడుగుండ్రి.”

అప్పుడు లేచి ఉన్నదున్నట్టు చెప్పాను. కొత్త లెక్కకు మూడేళ్ల సమాచారం కావాలని, అప్పటిదాకా గోడ ఉండాల్సిందేనని సారు తేల్చేశాడు. మర్నాడే నన్ను పనిలోంచి తీసేశారు. మరుసటి వానాకాలం రాకముందే గోడ లేచింది. రోగమొకటైతే మందొకటి.

ఆ ఏడు కాలువ నీళ్లు ఒక్క చుక్క రాలేదు, మోరీ మాత్రం ఒక్క రోజు ఆగలేదు. ఏప్రిల్‌లో ఒక పొద్దున చేపలన్నీ తెల్లగా తేలాయి. కట్టమ్మ మోకాలి లోతు నీళ్లలో దిగి గంపలకెత్తింది. ఏడవలేదు, గోడ కట్టిన చేతులను పేరుపేరునా తిట్టింది. పెద్దసారు ముక్కుకు రుమాలు కట్టుకుని వచ్చి ఫొటోలు తీయించుకున్నాడు. ఈ చెరువు చస్తుందని మా మోడల్ ముందే చెప్పింది అన్నాడు.

జూన్‌లో మబ్బు పట్టగానే గడ్డపార తీసుకుని గోడ దగ్గరికి పోయాను. కట్టమ్మ అప్పటికే అక్కడుంది. వాన దంచింది. కాలువ ఎర్రగా ఉరికొచ్చి గోడను కొట్టి బీడు వైపు మళ్లింది. నేను గడ్డపార ఎత్తితే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“కేసు పెడ్తరని భయమా అవ్వా?”

“కేసుకు ఎవలు భయపడ్తాండ్రు? ఇవి మొదటి నీళ్లు. మన కోపానికి చెరువు ఈ నీళ్లు తాగాల్నా?”

గడ్డపార దించాను. వారం తర్వాత రెండో వాన పడింది. నలభై ఇళ్ల వాళ్లూ వచ్చారు. గోడకు మొదటి పోటు కట్టమ్మే వేసింది.