మూడో ట్రస్సు కింది బల్ల

ఉతై అనే ఊళ్లో చర్చి కట్టి నూరేళ్లు దాటింది. ఎర్ర ఇటుక గోడలు, మొన తేలిన తోరణాల కిటికీలు, గంట బదులు వేలాడే రైలుపట్టా ముక్క. ఇవన్నీ వదిలేసి ధర్మారావు మాత్రం వచ్చినవాళ్లందరికీ పైకప్పే చూపించేవాడు. చెద తినేసిన కర్ర దూలాలు తీసేసి, పెంకులను మోసే ఇనుప ట్రస్సులు ఎక్కించింది ఆయనే మరి. స్టీలు ప్లాంటులో ఫిట్టరు. ఆ గొప్ప మొదలుపెడితే ఎదుటివాడి టీ చల్లారిపోవాల్సిందే.

ఆయన సింహాద్రి అప్పన్న భక్తుడు. భార్య ఇంద్రాణి రైల్వే వాళ్లమ్మాయి, క్రైస్తవురాలు. ప్రతి ఆదివారం ఆమెను ప్లాంటు క్వార్టర్లున్న సెక్టర్ 2 నుంచి స్కూటరు మీద తీసుకొచ్చి, "మూడో ట్రస్సు కింద కూకో. నా చేతుల్తో ఎక్కించినాను, పిడుగు పడినా కదల్దు" అనేవాడు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆమె అక్కడే కూర్చుంటోంది.

ఈ వేసవిలో మార్చడానికని పెంకులు విప్పారు. పైనుంచి మేస్త్రీ జితేంద్ర "చాచా!" అని ధర్మారావును హిందీలో బాబాయిగా పిలుస్తూ కేక వేశాడు. నట్లు చేత్తోనే తిరుగుతున్నాయట.

డెబ్బై ఏళ్ల మనిషి, వద్దంటున్నా వినకుండా నిచ్చెన ఎక్కేశాడు. మూడో ట్రస్సును గోడకు పట్టి ఉంచాల్సిన నాలుగు నట్లూ రెండు వేళ్లకే గిరగిరా తిరిగాయి. పక్కనే గోడ అంచున తుప్పు పట్టిన స్పానర్. దాని మీద గుద్దిన 'ధ' అక్షరం తనదే.

ధర్మారావుకు అప్పుడు గుర్తొచ్చింది. ఈ ట్రస్సు ఎక్కించిన రోజు రెండింటికి బీ షిఫ్టు. ఆలస్యమైపోతోందని నట్లు చేత్తో తగిలించి, స్పానర్ అక్కడే పెట్టి దిగిపోయాడు. ప్లాంటులో అదే అలవాటు: పని సగంలో ఉందని తెలిసేలా పనిముట్టు పెట్టి పోతే, తర్వాతి షిఫ్టువాడు పూర్తి చేస్తాడు. మర్నాడు వచ్చేసరికి పెంకులు పరిచేసి ఉన్నాయి, పనైపోయిందనుకున్నాడు. చర్చికి తర్వాతి షిఫ్టు ఎక్కడిది? అంత చిన్న సంగతి ఆ మహానుభావుడికి ఇన్నేళ్లూ తట్టలేదు! ఎన్ని గాలివానలు పోయాయి ఆ కప్పు మీంచి!

"ఏటండీ, అలా కొయ్యబారిపోనారేటి?" కింద నుంచి ఇంద్రాణి అడిగింది. నిలబడి నిలబడి అలసి తన మామూలు చోటే కూర్చుని ఉంది, సరిగ్గా ఆయన కాళ్ల కింద.

అబద్ధం నాలిక చివరి దాకా వచ్చింది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా.

"ఇంద్రా, నువ్వక్కడ్నించి లెగు," అన్నాడు. "నేను బిగించనేదే. ఆ రోజు నుంచీ ఇది ఊరికే ఆనుకుని ఉంది."

ఇంద్రాణి తలెత్తి చాలాసేపు పైకి చూసింది.

"మన పిల్లని, అమ్ముని, ఇక్కడే ఒళ్లో పడుకోబెట్టుకునేదాన్ని కదండీ," అంది. మెల్లగా లేచి, గుమ్మం పక్కనున్న చివరి బల్ల మీదికి వెళ్లి కూర్చుంది.

ధర్మారావు జితేంద్ర దగ్గర స్పానర్ అడిగి తీసుకుని, నాలుగు నట్లూ తనే బిగించాడు.

"ఇప్పుడు రా," అని పిలిచాడు.

ఆమె లేవలేదు.