కుండ మీద స్పీకరు

నిన్న హిందూపురంలో కంప్యూటరుకు సరౌండ్ స్పీకర్లు చూస్తుంటే షాపతను, "ఈ పెద్దది కింద పెట్టుకోన్నా, నేల అదురుతాది" అన్నాడు.

గుర్తుందా మీకు, మట్టికుండ మూతి మీద స్పీకరు బోర్లించి పాటలు వినడం? ధర్మవరంలో మా ఇంట్లో ఆ కుండ మగ్గం పక్కనే ఉండేది. "నా నీళ్లకుండ మళ్లీ ఎత్తుకపోతివేమిరా!" అని అవ్వ అరిచేది. మగ్గం గుంతలో కాళ్లాడిస్తూ నేసే నాయన నవ్వేవాడు. పాటకూ మగ్గానికీ కలిసి నేల అదిరేది.

నాయన పోయాక గుంత పూడ్చి బండలు పరిచాం. కంప్యూటరు బల్ల ఇప్పుడు అక్కడే ఉంది.

కొత్త స్పీకర్లు బిగించాను. బండలు అదురుతున్నాయి. వాటి కింది మట్టి మాత్రం ఉలకదు, పలకదు. దానికి ఏ స్పీకరు కొనాలో చెప్పండ్రా.