ఒంటరిగా చదవకూడని పేజీలు

మంగళవారం మూడో పీరియడ్‌లో ఉండగా మా బడి అటెండరు వచ్చి తరగతి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "లైబ్రేరియన్ గారు పోయారంటండీ. పొద్దున భవానీపురంలో బస్సు కోసం నిలబడ్డవారు నిలబడ్డట్టే కూలిపోయారంట" అన్నాడు. పిల్లలను ఎక్కాలు రాసుకోమని చెప్పి బోర్డు వైపు తిరిగాను. చాలాసేపటి దాకా మళ్ళీ వాళ్ళ వైపు తిరగలేకపోయాను.

కంకిపాడు శాఖా గ్రంథాలయానికి ఆయన పన్నెండేళ్ళు రోజూ బెజవాడ భవానీపురం నుంచి వచ్చారు. ఇది చదువుతున్నవారిలో కొందరైనా ఆయన చేతి మీదుగా పుస్తకం తీసుకుని ఉంటారు. నేను మొదటిసారి వెళ్ళింది బంగ్లాదేశ్ యుద్ధం అయిన కొద్ది వారాలకు. ఆ యుద్ధంలో మా తమ్ముడు పోయాడు. సైన్యం నుంచి వచ్చిన ఉత్తరంలో వీరమరణం అని ఉంది. అది ఎలా ఉంటుందో అందులో లేదు. ఇంట్లో ఆదరణ కూడిక ప్రార్థనలు అయిపోయి, చుట్టాలంతా ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళాక నాకు ఏం చేయాలో తోచలేదు.

"యుద్ధాల మీద పుస్తకాలేమన్నా ఉన్నాయాండీ?" అని అడిగాను.

"పరీక్షకాండీ?"

"కాదండీ. మా తమ్ముడు ఎలా పోయాడో తెలుసుకోవాలి."

ఆయన కలం పక్కన పెట్టారు. ఈలోగా నేను బీరువాలోంచి మ్యాపులున్న ఒక లావు పుస్తకం తీశాను. ఎవరో సేనాధిపతి రాసింది. ఆయన లేచి వచ్చి దాన్ని నా చేతుల్లోంచి మెల్లగా తీసుకున్నారు.

"ఇది తర్వాత చదువుదురుగాని టీచర్ గారూ. ఇందులో మీ తమ్ముడు కనపడడు. బాణం గుర్తులు కనపడతాయి."

ఒక నర్సు తన యుద్ధకాలం గురించి రాసుకున్న పుస్తకం ఇచ్చారు. తర్వాత ఒక ఖైదీ డైరీ. ఆ తర్వాత మామూలు సిపాయి ఇంటికి రాసిన ఉత్తరాలు. ఇంగ్లీషు నాకు నెమ్మదిగా సాగేది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక పక్కన కూర్చుని అర్థం చెప్పేవారు. ప్రతి పుస్తకంలోనూ పాత క్యాలెండరు ముక్క ఒకటి పెట్టి ఇచ్చేవారు. "నూట పన్నెండో పేజీ నుంచి ఒంటరిగా చదవకండి. పక్కన మనిషి ఉండగా చదవండి" అని ఒకదాని మీద రాసి ఉంది. మిగతావాటి మీద పేజీ అంకె మారేది, అంతే. ఒకసారి ఆ మాట వినకుండా వంటింట్లో ఒక్కదాన్నే చదివాను. పొయ్యి మీద అన్నం మాడిపోయిన సంగతి కూడా తెలియలేదు.

కాలేజీ కుర్రాళ్ళు యుద్ధగాథలకు వస్తే రెండేసి పుస్తకాలు ఇచ్చేవారు. ఒకటే చదివి తెచ్చినవాణ్ణి వెనక్కి పంపేవారు. "ఓడినవాడు కూడా ఇంటికెళ్ళి రాసుకున్నాడు బాబూ. అది కూడా చదివి రా."

ఇక మా అమ్మ సంగతి. అమ్మకు చదువు రాదు. నీళ్ళ గ్లాసు ఎత్తినప్పుడల్లా ఆగిపోయేది. "ఆఖరున వాడికెవరన్నా గుక్కెడు నీళ్ళు పోశారంటావా?" అని నన్ను అడిగి, గ్లాసు కింద పెట్టేసేది. ఎండలు ముదిరేసరికి మంచం పట్టింది. నీళ్ళు తాగకపోతే మనిషి దక్కదని డాక్టరు కోప్పడ్డాడు. ఏ పుస్తకంలోనైనా ఈ సంగతి ఉందా అని లైబ్రేరియన్ గారిని అడిగాను. ఆయన బీరువాల వైపు చూడను కూడా చూడలేదు. "ఆదివారం నేనే వస్తానండీ. నేనూ రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాణ్ణే" అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక నేను గుడి నుంచి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నారు. లోపలికి తీసుకెళ్ళి అమ్మ మంచం పక్కన కుర్చీ వేశాను.

"మీరు యుద్ధంలో ఉన్నారంట గదా బాబూ. దెబ్బ తగిలినోళ్ళకి నీళ్ళిస్తారా?" అంది అమ్మ.

"ఇస్తారమ్మా. ముందు అదే ఇస్తారు. బర్మాలో నా పని స్ట్రెచర్ మొయ్యటమే. ఒక కుర్రాడికి నేనే పోశాను, నా చేత్తో."

"దాహం తీరిందా వాడికి?"

"తీరిందమ్మా. తాగి, కళ్ళు మూసుకున్నాడు."

అమ్మ నా వైపు చెయ్యి చాపింది. గ్లాసు ఇస్తే ఆపకుండా మొత్తం తాగేసింది. మళ్ళీ అడిగి తాగింది.

ఆయన్ను సాగనంపడానికి కాలువ వంతెన దాకా వెళ్ళాను. అక్కడ ఆగారు.

"నేను ఇవ్వలేదండీ టీచర్ గారూ."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"నీళ్ళండీ. పొట్టలో తూటా దిగినవాడికి నీళ్ళు పొయ్యకూడదని మాకు ఆర్డరు. నా చొక్కా పట్టుకుని అడిగాడు. మన భాష కాదు. అయినా అడిగేది నీళ్ళేనని తెలుస్తుంది కదండీ. నా నడుముకి సీసా నిండుగా ఉంది. ఇవ్వలేదు. గంటకి ఎలాగూ పోయాడు."

కాలువ వైపు చూస్తూ ఇంకా చెప్పారు. "ఇన్ని పుస్తకాలు దేనికి చదివాననుకున్నారు? ఆర్డరు ప్రకారం చేసి, ఆ తర్వాత ఎలా బతికాడో రాసినవాడు ఒక్కడన్నా ఉంటాడేమోనని."

"దొరికాడాండీ?"

"లేదండీ. అందరూ నీళ్ళిచ్చినవాళ్ళే రాశారు."

"అయితే మీరే రాయండి."

"మీ అమ్మగారు ఉండగానా?" అన్నారు.

అమ్మ ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. సమాధుల తోటలో మట్టి వేశాక ఆయన నా పక్కకు వచ్చి, "ఈపాటికి ఆవిడకి తెలిసిపోయుంటుందండీ" అన్నారు. నేనొక మాట అని ఉండాల్సింది. నా ఏడుపులో నేనున్నాను, అనలేదు. తర్వాత రెండేళ్ళలో ఎన్నోసార్లు ఆయన బల్ల ముందు నిలబడ్డాను. అప్పుడూ అనలేదు. మా అమ్మ తాగిన ఆ నీళ్ళు మీరు పోసినవేనండీ అని. ఆ నాలుగేళ్ళూ మీరిచ్చినవేనని. ఇంత చిన్న మాటకు నాకు నోరు రాలేదు.

మంగళవారం సాయంత్రం భవానీపురంలో వాళ్ళావిడ నా చేతులు పట్టుకున్నారు. "రెండేళ్ళ నుంచి ఏదో రాస్తున్నారమ్మా. రాయటం, చింపెయ్యటం. ఏంటండీ అంటే చెప్పేవారు కాదు." ఇల్లంతా వెతికామనీ, ఒక్క కాగితం కూడా మిగల్చలేదనీ చెప్పారు. అందుకే నాకు తెలిసినంతా ఇక్కడ రాశాను. చెప్పే హక్కు నాకుందో లేదో తెలియదు.

బుధవారం పొద్దున గ్రంథాలయానికి తాళం వేసి ఉంది. మెట్ల మీద పదిమంది దాకా ఉన్నారు. అందరి చేతుల్లోనూ తిరిగి ఇవ్వాల్సిన పుస్తకాలు. కిటికీ సందులోంచి లోపల పడేసి వెళ్ళిపోవచ్చు. ఎవరూ ఆ పని చేయలేదు. తుంపర మొదలైంది. ఒక పెద్దాయన భుజం మీది తువ్వాలు తీసి పుస్తకానికి చుట్టి, గుండెకు ఆనించుకుని, తడుస్తూ అలాగే నిలబడ్డాడు.