తిప్పి కట్టిన బొమ్మ

మా పక్కింటి పెయింటరన్న మొన్న తెల్లవారుజామున నిద్రలోనే పోయారు. కాశిబుగ్గలో మా రెండిళ్ల మధ్య ఉన్నది ఒక్క గోడే. వదిన దాని మీద తట్టి నన్ను పిలిచింది.

నేను దుకాణాల బోర్డులు రాస్తాను. ప్రతి పనికీ జాబితా వేసుకోవడం నా అలవాటు. ఆ ఉదయమూ వేశాను: వెదురు బొంగులు, కుండ, తెల్లగుడ్డ, స్నానానికి అడ్డుతెర. ఆ చివరి మాట తలచుకుంటే ఈ వాక్యం రాయడానికే చేయి రావడం లేదు.

అన్న టాకీసులకు సినిమా బ్యానర్లు వేసేవారు. సినిమా మారగానే పాత బ్యానరు గుడ్డ తెచ్చుకుని, సోడాలో ఉతికి, ఇంట్లో దాని మీద తన బొమ్మలు వేసుకునేవారు. నూనె రంగులు టాకీసువాళ్లవని వాటిని ముట్టేవారు కాదు. జిగురులో కలిపిన పొడి రంగులే వాడేవారు. ఆ బొమ్మల్లో నిండు మనిషి ఉండడు. నీలం, గులాబీ మడుగుల మధ్య హీరో సగం మీసం, నల్ల కళ్లద్దం ముక్క, ఎవరిదో గాజుల చేయి.

“గీ సగం మీసం ఎవలిదే, పెయింటరన్నా?” అని ఇస్త్రీబండి మల్లయ్య ఆటపట్టించేవాడు.

“నీదే. పొద్దుగాల సగమే గీక్కున్నవ్ గద.”

నాతో మాత్రం వేరే మాట అనేవారు. “మొత్తం జూపిస్తే పేరడుగుతరు తమ్మీ. సగం జూపిస్తే నిలవడి జూస్తరు. ఒక్కసారన్న మన గల్లీ నిలవడాలె.”

మొన్న ఉదయం అన్నవాళ్ల అటక మీద చుట్టి ఉన్న గుడ్డ దించాను. పైకి పాత సినిమా అక్షరాల మరక కనిపించింది. టాకీసు గుడ్డే అనుకున్నాను. విప్పి రెండో వైపు చూడకుండానే వాకిట్లో అడ్డుగా కట్టి, జాబితాలో టిక్కు పెట్టాను. అన్నకు నీళ్లు పోస్తుంటే తెర కింది నుంచి నీలం నీళ్లు వచ్చాయి. వెనుకే గులాబీ. అప్పుడు అంచు ఎత్తి చూశాను. ఆయన బొమ్మ.

స్నానం అయ్యాక తీసెయ్యబోతే వదిన నా చేయి పట్టుకుంది. “తీసెయ్యకు తమ్మీ. స్నానమైంది గద, తిప్పి కట్టు. గల్లీ దిక్కు.”

“కరిగిపోయింది వదినా.”

“ఉన్నకాడికి జూడనీ.”

కట్టాను. ముడి వేస్తున్నంతసేపూ తల ఎత్తలేకపోయాను. వెనక్కి తిరిగేసరికి గల్లీ అంతా నిలబడి ఉంది. మల్లయ్య మీసం ఎవరిదని అడగలేదు. రంగునీళ్లు మోరీ కాలువ దాకా పారుతుంటే, వచ్చేవాళ్లు చెప్పులు చేత పట్టుకుని, వాటిని తొక్కకుండా దాటుతున్నారు.