పొట్టేలు పొడిచిందన్న చిట్టీ

తెలంగాణ వచ్చిన కొత్తలో కోస్గి దిక్కున కల్తీ కల్లు దుకాణాలు మూసేశారు. మూసినవాళ్ళు చప్పట్లు కొట్టించుకుని పోయారు. మత్తుమందు కలిపిన ఆ నీళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటుపడ్డ ఒళ్ళు మూడో రోజుకు ఏమవుతుందో ఒక్కడూ ఆలోచించలేదు. మా చిన్న దవాఖానకు మనుషులు వణుకుతూ, ఫిట్స్‌తో, లేని తేళ్ళను ఒంటి మీంచి దులుపుకుంటూ వచ్చారు. నేనక్కడ రోగుల చిట్టీలు రాసేవాణ్ణి. బడి ముఖం చూడలేదు. మందు డబ్బాల మీది అక్షరాలే నా ఒకటో తరగతి.

చిట్టీలో 'తోడు' అని ఒక గడి ఉండేది. మత్తు దిగే రోగి పక్కన ఇంటి మనిషి కూర్చోవాలి, లేకుంటే చేర్చుకోరు. ఆ గడిలో నేను రాసే మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: భార్య.

ఒక పొద్దున ఒక గొర్లకాపరిని ఆటోలో తెచ్చారు. చేతులు బ్యాండేజీ గుడ్డతో మంచానికి కట్టారు. వెంట వచ్చిన భార్య మెడకు కొంగు బిగించి చుట్టుకుంది. మాట గరగరగా వస్తోంది.

"మెడకేమైంది బిడ్డా?"

"పొట్టేలు పొడిచింది."

రాయడానికి కలం ఆనించాను కూడా. జారిపడింది, గడప తగిలింది అని ఈ చేత్తో ఎన్ని రాశానో! కానీ ఈసారి కలం కదల్లేదు.

"నేను సుత గొర్ల మందల పెరిగినోన్నే. పొట్టేలు పొడిస్తే తొడ కమిలిపోతది, మోకాలు పోతది. మెడ మీద గోర్లు దిగుతయా?"

ఆమె కొంగు జర వదులు చేసింది. "మా పొట్టేలుకు గోర్లున్నయి పెద్దయ్యా. మొన్నటి సంది సుక్క లేక నన్ను దయ్యమనుకున్నడు. తాగినప్పుడైతే పెండ్లామని గుర్తువట్టే కొడుతుండె."

మధ్యాహ్నం సెలైన్ కోసం ఒక కట్టు విప్పారు. ఆ చేతికి ఆమె జడ దొరికింది. నేనూ కాంపౌండరూ ఒక్కొక్క వేలు విడదీయాల్సి వచ్చింది. ఆమె జుట్టు ముడేసుకుని మళ్ళీ మంచం పక్కనున్న అదే స్టూలు మీద కూర్చుంది.

"లెవ్వు బిడ్డా, అవతలికి నడువు."

"నేను లేస్తే ఈన్ని బయటేస్తరు గద. బయటేస్తే సస్తడు."

నా ఒళ్ళు మండింది. పెద్ద సిస్టరమ్మ దగ్గరికి పోయాను.

"రూలు తాతా. తోడు లేకుంటే ఎట్ల?"

"సంపబోయినోనికి, సావు తప్పినామెను తోడు పెడ్తవా అమ్మా?"

"అయితే నువ్వు కూసుంటవా?"

"కూసుంటా."

అతని చిట్టీలో 'భార్య' కొట్టేసి 'చిట్టీలు రాసే ముసలోడు' అని రాశాను. సిస్టరమ్మ చూసి, "గిది మాత్రం గుండ్రంగ రాసినవ్," అని దెప్పింది. కానీ చింపలేదు.

తర్వాత, పొద్దున రాయకుండా ఆపిన ఆమె చిట్టీ మళ్ళీ తీశాను. దెబ్బకు కారణం రాసే గడి దగ్గర ఆమె వంగి చూసింది.

"పొట్టేలని రాయకు పెద్దయ్యా. మొగుడని రాయి."

రాశాను. డాక్టరమ్మ మెడ చూసి, మందు రాసి, ఆమె అన్నకు కబురు పెట్టించింది. అన్న సాయంత్రానికి వచ్చి తల్లిగారింటికి తీసుకుపోయాడు. ఆటో ఎక్కబోతూ ఆమె ఆగింది. "మత్తు దిగి సోయొచ్చినంక అడుగుతడు. దాచకు. చిట్టీ సదివి చెప్పు."

అయిదో రోజు అతని చూపు నిలిచింది. స్టూలు మీద నన్ను చూశాడు.

"నువ్వెవలు?"

"నీ తోడు."

"మా ఆమె ఏది?"

"తల్లిగారింట్ల."

"ఎందుకు? ఏమైందామెకు?"

నిజంగానే గుర్తులేక అడుగుతున్నాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. లేచిపోయి ఆ చిట్టీ తెచ్చి చదివాను. మెడ, జడ, గోర్లు, అన్నీ. కారణం దగ్గరికొచ్చేసరికి ఆపమన్నట్టు చెయ్యి లేపాడు. నేను ఆపలేదు.

"మొగుడంటే... నేనేనా?"

అతనికి చదువు రాదు. అయినా చిట్టీ కళ్ళ ముందు పెట్టి, ఆ మాట మీద నా వేలు ఆనించి ఉంచాను.