పెడల్ నొక్కిన కాలు

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. రైల్వే యార్డులో ఫిట్టర్‌గా పనిచేసినవాణ్ణి. ఎక్కడైనా చప్పుడు వస్తే ఏదో వదులైందనుకుంటాను తప్ప ఇంకోలా ఆలోచించడం నాకు చేతకాదు. అయినా మేముండే బెంగాలీ ఊరు సంత్రాగాఛిలో ఒక సెలవురోజు మధ్యాహ్నం జరిగింది మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

అప్పటికి హుగ్లీ నది మీద కట్టిన రెండో వంతెన మీద రాకపోకలు మొదలై కొన్నేళ్ళయింది. నేనూ, మా బావమరిది ప్రకాషూ కలిసి ఒక కర్రల డిపోలో తుప్పు పడుతున్న పాత లారీ కొన్నాం. గుండ్రటి ముక్కు, చెక్క బాడీ. మా ఇద్దరికంటే వయసులో పెద్దది. ఇంజను బాగానే ఉంది, బ్రేకులే బాలేవు. పాత డ్రమ్ములు అరిగిపోయి, బ్రేకు వేస్తే బండి ఎడమవైపు లాగేసేది. వాటి సామాను ఎక్కడా దొరకలేదు. అందుకని వేరే బండి నుంచి తీసిన డిస్క్ బ్రేకులు ముందు చక్రాలకు బిగించాం.

అక్కడ మొదలైంది కొత్త తంటా. పెడల్ తొక్కితే దూదిలో కాలు పెట్టినట్టు నేలదాకా దిగిపోయేది. నాలుగైదు సార్లు తొక్కితే గాని బండి ఆగేది కాదు. గొట్టాల్లో గాలి చేరిందని తెలుస్తూనే ఉంది.

ఆ గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పైన పెడల్ నొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర నిపిల్, అంటే గాలి వదిలే చిన్న మర, వదులు చేసి, గాలీ ఆయిలూ బయటికొచ్చాక మళ్ళీ బిగించాలి. బిగించేదాకా పైవాడు కాలు తీయకూడదు. తీశాడా, పోయిన గాలి తిరిగి లోపలికొస్తుంది. మా ప్రకాషుకి అంత ఓపిక ఏనాడూ లేదు.

మర్నాడు నది అవతల బడ్జ్ బడ్జ్‌లో మా మేనకోడలి పెళ్ళి. మా చర్చి ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఈ లారీలోనే తీసుకొస్తానని అక్కకు మాటిచ్చాను. ఆ మాట మీదే పొద్దున నేనూ ప్రకాషూ గొడవపడ్డాం. వాడు విసురుగా బ్రేకు ఆయిల్ తెస్తానని లోకల్ రైలెక్కి టికియాపారా వెళ్ళాడు.

నేను లారీ కిందకు దూరి చూస్తుంటే అసలు తప్పు అప్పుడు కనబడింది. డిస్క్ బ్రేకుల్లో కుడివైపుది ఎడమ చక్రానికి, ఎడమవైపుది కుడి చక్రానికి బిగించాం. దాంతో నిపిళ్ళు కిందికి తిరిగి ఉన్నాయి. గాలేమో పైన చేరుతుంది. ఇంక బయటికెలా వస్తుంది? రెండూ విప్పి అటూ ఇటూ మార్చి, డబ్బాలో మిగిలిన కాస్త ఆయిల్ పోశాను.

బిగింపు అవుతుండగా క్యాబిన్ కిర్రుమంది. మనిషి ఎక్కితే దిగినట్టు బండి కొద్దిగా దిగింది. ప్రకాషు వచ్చాడనుకున్నాను. పలకలేదంటే ఇంకా కోపం పోలేదనుకున్నాను.

"నొక్కు" అన్నాను. పెడల్ దిగింది. నిపిల్ వదిలితే ఆయిల్ బుడగలతో చిమ్మింది. బిగించాక "వదులు" అన్నాను. అప్పుడే వదిలాడు. ఒక చక్రం అయ్యాక రెండోది. ఎన్నిసార్లు చెప్పినా ఒక్కసారి కూడా ముందు కాలు తీయలేదు. చివరికి బుడగ లేకుండా శుభ్రమైన ఆయిల్ వచ్చింది.

"ఇవాళ బాగా పట్టావురా" అంటూ బయటికొచ్చాను. క్యాబిన్‌లో ఎవరూ లేరు.

డ్రైవర్ సీటు కూడా లేదు. బాగుచేయాలని దాన్ని ముందురోజే ఊడదీసి గోడవారన పెట్టాం. చేత్తో పెడల్ నొక్కి చూశాను. కొంచెం దిగి, రాయిలా ఆగింది.

నా భార్య సువార్త లారీకి ఎదురుగా వరండాలో బియ్యం చెరుగుతోంది.

"ప్రకాషు ఎటు పోయాడు?" అన్నాను.

"ఆడింకా రానేదు. మీరొక్కలే నొక్కు, వదులు అని అరుస్తంటే మీలో మీరే అనుకుంతన్నారనుకున్నాను" అంది. చేట కింద పెట్టి, "పెడల్ సప్పుడు మట్టుకు ఇనబడింది" అంది మెల్లగా.

"ఎవరైనా ఎక్కారా?"

"ఎవులూ ఎక్కనేదు. నానిక్కడే కూకున్నాను కదా!"

చాలాసేపటికి ప్రకాషు ఆయిల్ డబ్బాతో వచ్చాడు. దారిలో రైలు ఆగిపోయిందట. సంగతి విని పెడల్ తొక్కి చూసి, "బావా, నాను నొక్కుంటే గాలి పోయేదేటి?" అన్నాడు. నవ్వాలనుకున్నాడు గాని నవ్వు రాలేదు.

నిపిల్ వదులు చేస్తే ఆయిల్ దానంతటదే కారుతుంది కదా అని తర్వాత మెకానిక్‌లు అన్నారు. కారుతుంది, నిజమే. కానీ నొక్కమంటే చిమ్మదు. పెడల్ చప్పుడూ చేయదు.

మర్నాడు సీటు బిగించి, మైదానంలో తిప్పి చూసుకుని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ ఎక్కించుకుని బయల్దేరాను. బడ్జ్ బడ్జ్ దగ్గర జూట్ మిల్లు షిఫ్టు వదిలారు. రోడ్డు నిండా మనుషులు. ముందు ఒక కూలీ, సైకిలు కడ్డీ మీద చిన్నపిల్లను కూర్చోబెట్టుకుని వెళ్తున్నాడు. చక్రం జారి ఇద్దరూ నా లారీ ముందే పడ్డారు.

ఒక్కసారే తొక్కాను. రెండోసారి తొక్కే వ్యవధి లేదు. బండి ఏ పక్కకూ లాగకుండా నిలువునా ఆగింది. దిగి చూస్తే ఆ పిల్ల చెయ్యి చాచితే బంపర్ అందేలా ఉంది.

ఆ తండ్రి పిల్లను ఎత్తుకుని, ఏడుస్తూ నా చేతులు పట్టుకుని, "మీరే కాపాడారు దాదా" అని బెంగాలీలో పదేపదే అన్నాడు. నేను కాదు అనబోయి ఆగిపోయాను. మరెవరని చెప్పను?

పాస్టరుగారు దేవదూత అంటారు. ఆ లారీ నడిపిన పాతకాలపు డ్రైవరెవరో అంటాడు ప్రకాషు. నాకు మాత్రం ఇప్పటికీ అంతుపట్టలేదు. చర్చిలో కృతజ్ఞతలు చెప్పే ఆదివారం వస్తే లేచి నిలబడి, "ఆ రోజు పెడల్ నొక్కినవారికి వందనాలు" అని కూర్చుంటాను. మొదట్లో వెనక బెంచీల్లో నవ్వేవారు. ఆ పెళ్ళికి లారీలో వచ్చిన ఆడవాళ్ళు మాత్రం, నేనా మాట అనగానే, ఆమేన్ అంటారు.